హైదరాబాద్‌లో కుక్క తప్పిపోతే, దొరికితే, ఇక పెంచలేకపోతే

నల్లకుంటలో మా వీధి కుక్కలకు అన్నం పెట్టేది నేనే కాబట్టి, చుట్టుపక్కల ఏ కుక్క తప్పిపోయినా, కొత్తది వచ్చి చేరినా ముందు నాకే ఫోను వస్తుంది. ఎక్కువమంది అడిగేది ఒకటే: "దీన్ని ఎవరికి అప్పజెప్పాలి మేడమ్?" అప్పజెప్పడం తరువాతి మాట. ముందు ఆ కుక్క చోటు ఏదో తేల్చాలి. ఇల్లు ఉండి తప్పిపోయిందా, ఇంటివాళ్లే వదిలేశారా, లేక ఈ వీధిలోనే పుట్టి పెరిగిందా? ఇది తేల్చకుండా కుక్కలను పట్టే కార్పొరేషన్ బండిని పిలిస్తే, తప్పిపోయిన కుక్క తనవాళ్లకు ఇంకా దూరమవుతుంది.

కాస్త దూరంగా నిలబడి చూడండి. చెవి అంచు చిన్నగా కత్తిరించి ఉంటే అది సంతాన నిరోధక ఆపరేషన్ అయిన వీధి కుక్క. దాని జోలికి వెళ్లనవసరం లేదు. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగి ఉన్నా, గోళ్లు పొడుగ్గా పెరిగి ఉన్నా ఇంట్లో పెరిగినదే; రోడ్డు మీద తిరిగే కుక్కకు గోళ్లు అరిగిపోతాయి. తప్పిపోయినది ఆగకుండా తిరుగుతుంది, ప్రతి గేటు దగ్గరా వాసన చూస్తుంది, వాహనాలకు ఎలా తప్పుకోవాలో దానికి తెలియదు. వదిలేసిన కుక్క చాలాసార్లు దింపిన చోటే కూర్చుని, ఆగిన ప్రతి కారు వైపూ ఆశగా లేచి వస్తుంది. అలాంటిదాన్ని చూసినప్పుడల్లా నాకు కడుపు రగిలిపోతుంది.

దొరికిన కుక్క మచ్చికగా ఉంటే నీళ్లు పెట్టి, తాడు వేసి, దగ్గరలోని పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. చర్మం కింద గుర్తింపు నంబరున్న మైక్రోచిప్ ఉంటే స్కానర్‌తో చదువుతారు, కొద్ది నిమిషాల పని. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. దెబ్బలు తగిలి ఉంటే అక్కడికి వెళ్లవచ్చు. ఇంట్లో వేరే కుక్కలు ఉంటే పది, పదిహేను రోజులు దీన్ని విడిగా ఉంచండి. పార్వో, డిస్టెంపర్ వంటి అంటురోగాలు పైకి కనిపించకముందే అంటుకుంటాయి. దగ్గరకు వచ్చినా తాడు వేయనివ్వని కుక్క అయితే, వీలు దొరికినప్పుడు మెడకు మెత్తటి గుడ్డ పట్టీ వదులుగా కట్టి, "ఇది మీ కుక్కేనా?" అని రాసి మీ ఫోను నంబరు పెట్టండి. ఇల్లు చేరితే వాళ్లే ఫోను చేస్తారు.

ఫొటో పెట్టేటప్పుడు ఒక గుర్తు మాత్రం బయటపెట్టకండి: కడుపు మీద మచ్చ, విరిగిన పన్ను, ఏదైనా సరే. "మాదే" అంటూ వచ్చినవాళ్లను ఆ గుర్తు అడగండి, పాత ఫొటోలు, టీకాల పుస్తకం చూపించమనండి. జాతి కుక్క, అందులోనూ ఆపరేషన్ కాని ఆడకుక్క అయితే పిల్లలు పెట్టించి అమ్ముకునేవాళ్లు కూడా వస్తారు. మొహమాటం వద్దు.

ఇక మీ కుక్కే తప్పిపోతే, మొదటి గంటలు చాలా విలువైనవి. ఫోనులో సందేశాలు పంపే పని ఇంట్లో ఒకరికి అప్పగించి మిగతావాళ్లు కాలినడకన బయలుదేరండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్లు, తెల్లవారుజామున పాలు, పేపరు వేసేవాళ్లు, టిఫిన్ బండ్ల వాళ్లు, చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటో నడిపేవాళ్లు: వీధిని రోజంతా చూసేది వీళ్లే. ఒక్కొక్కరికీ ఫొటో ఉన్న కాగితం చేతికివ్వండి. కుక్క కనబడితే వెంట పరిగెత్తవద్దని, ఎక్కడుందో ఫోను చేసి చెబితే చాలని అడగండి. భయపడిన కుక్క సొంత మనిషిని చూసి కూడా పారిపోతుంది. అప్పుడు కింద కూర్చుని, పక్కకు తిరిగి, రోజూ పిలిచే గొంతుతోనే పిలవండి. రాత్రి రోడ్లు సద్దుమణిగాక, మళ్లీ తెల్లవారకముందు వెతకండి. నగరపాలక సంస్థ కాల్ సెంటర్ 040-21111111కు ఫోను చేసి, మీ ప్రాంతంలో ఆ రోజు కుక్కల బండి తిరిగిందా, పట్టిన వాటిని ఏ జంతు సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్లారో అడగండి. ఫోనులో చెప్పిన జవాబుతో సరిపెట్టుకోకుండా స్వయంగా వెళ్లి చూసి రండి. నల్ల కుక్కలన్నీ మాటల్లో ఒకేలా ఉంటాయి. "మీ కుక్క మా దగ్గరే ఉంది, ముందు డబ్బు పంపండి" అనే ఫోన్లు తప్పకుండా వస్తాయి. అప్పటికప్పుడు వీడియో కాల్‌లో చూపించమనండి.

పిల్లి సంగతి వేరు. ఇంటి పిల్లి దూరం పోదు, రెండు మూడు ఇళ్ల అవతల మెట్ల కిందో, నీళ్ల ట్యాంకు వెనకో, కారు ఇంజన్లోనో దాక్కుంటుంది. అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే కళ్లు మెరుస్తాయి.

దీపావళికి ముందే మెడపట్టీకి ఫోను నంబరు చెక్కిన బిళ్ల వేయండి. టపాసుల మోతకు గోడలు దూకి పారిపోయే కుక్కలు ఆ రాత్రే ఎక్కువ. చిప్ వేయించినా సరే, ఆ నంబరు మీ పేరు మీద, ఇప్పుడు పనిచేసే ఫోనుతో నమోదైందో లేదో చూసుకోండి.

వీధి కుక్కల విషయంలో నాకు వచ్చే ఫోన్లలో సగం, "వీటిని ఎక్కడైనా దూరంగా వదిలేయించండి" అనే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కను పట్టి, సంతాన నిరోధక ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, చెవికి గుర్తు పెట్టి, పట్టిన చోటే వదలాలి. ఆరు నెలలలోపు పిల్లలకు ఆపరేషన్ చేయకూడదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే పద్ధతిని నిలబెట్టింది. రేబిస్ సోకినవి, సోకిందని అనుమానం ఉన్నవి, దూకుడుగా మీదపడేవి మాత్రం మినహాయింపు. అదే ఏడాది నవంబరు 7న అదే కోర్టు బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకూడదని ఆదేశించింది. మిగతా వీధుల్లో కుక్కలను తరలిస్తే ఆ చోటుకు, అక్కడి తిండికి, ఆపరేషన్ కాని కొత్త కుక్కలు వస్తాయి. అందుకే బండి వచ్చినప్పుడు వాహనం నంబరు, తేదీ, కేంద్రం పేరు రాసుకోండి. ఏ కుక్కను తీసుకెళ్లారో ఫొటో తీసుకోండి, తిరిగి తెచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

భయపడే తల్లిదండ్రులతో వాదించకండి. 2023 ఫిబ్రవరిలో మాకు కూతవేటు దూరంలోని అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు కుక్కల దాడిలో చనిపోయాడు. అన్నం పెట్టేవాళ్ల మీదే ఎక్కువ బాధ్యత ఉంది. కాలనీ సంఘంతో మాట్లాడి చోటు ఖరారు చేయించుకుని, గేట్లకు, మెట్లకు, పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా, జనం తిరగని వేళలోనే పెట్టండి. మిగిలింది ఎత్తేసి రండి. కరిస్తే పసుపు, కారం, సున్నం ఏదీ రాయకుండా పంపు కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో వెళ్లండి. రేబిస్ లక్షణాలు కనిపించాక బతకడం దాదాపు అసాధ్యం.

చివరిగా, పెంచలేనివాళ్లకు. అమెరికా వీసా వచ్చిందని, బిడ్డ పుట్టిందని, కుక్కకు జబ్బు చేసిందని ఔటర్ రింగ్ రోడ్డు పక్కన దింపి వచ్చేవాళ్లున్నారు. ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే కావడం మన సిగ్గు. ఇంటి కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం రాదు, అక్కడి కుక్కలు దాన్ని రానివ్వవు. అమెరికాకు తీసుకెళ్లడం కష్టమే కానీ సాధ్యమే: ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, మన దేశం రేబిస్ ముప్పు ఎక్కువ ఉన్న జాబితాలో ఉంది కాబట్టి టీకా పత్రాలు, రక్తపరీక్షలు కావాలి. చాలా నెలల ముందే మొదలుపెట్టండి.

అదీ కుదరకపోతే మీరే కొత్త ఇల్లు వెతకండి. బ్లూ క్రాస్ వంటి జంతు సంరక్షణ సంస్థలు దెబ్బతిన్నవాటితోనే నిండి ఉంటాయి. వాటి గేటుకు కట్టేసి రావడం వదిలేయడమే అవుతుంది. ముందు ఆపరేషన్, టీకాలు పూర్తి చేయించండి. కరిచే అలవాటు, జబ్బులు దాచకండి. అడిగినవాళ్ల ఇంటికి వెళ్లి చూడండి. ఇల్లు అద్దెదైతే యజమానితోనూ మాట్లాడండి. టీకాల పుస్తకం, రోజూ పడుకునే గుడ్డ, తినే గిన్నె కూడా ఇచ్చి పంపండి. ఇక ఉంచుకోలేమనుకుంటే వీధిలో వదలకుండా మీకే తిరిగి ఇస్తామని తీసుకునేవాళ్లతో కాగితం మీద రాయించుకుని, సంతకం తీసుకోండి.