కారులోపల రంగులు మారే ఎల్ఈడీ లైటింగ్: మూడోసారికి కుదిరిన పద్ధతి

మొదటిసారి కారులో ఎల్ఈడీ స్ట్రిప్ అంటించిన రాత్రి మా ఆవిడను ఎక్కించుకుని ఒక రౌండు వేశాను. నీలం రంగు, ఫుల్ బ్రైట్‌నెస్. ఐదు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది కారా, బట్టల షాపు షోకేసా?" అంది. నవ్వే పరిస్థితిలో లేను. డోర్ గ్లాసు లోపలివైపు నీలం చుక్కల వరుస మెరుస్తోంది. ఆ చుక్కల వెనకున్న సైడ్ మిర్రర్‌లో బండి వస్తోందో లేదో తెలియట్లేదు. ఇంటికొచ్చి అదే రాత్రి మొత్తం పీకేశాను.

రెండోసారి వేసినది ఎండకు ఊడిపోయింది. ఇప్పుడున్నది మూడోది. ఇది కుదిరాక అర్థమైనదేమిటంటే, వైరింగ్ ఎవరైనా నేర్చుకోవచ్చు. స్ట్రిప్‌ను ఎక్కడ దాచాలో తేల్చుకోవడమే అసలు పని. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఒక్క ప్యానెల్ కూడా విప్పకముందు 30 సెంటీమీటర్ల స్ట్రిప్ ముక్క, రంగులు మార్చే చిన్న కంట్రోలర్, ఫోన్ ఛార్జ్ చేసే పవర్ బ్యాంక్, పేపర్ టేప్ తీసుకుని చీకట్లో నిలిపిన కారులో కూర్చోండి. డాష్‌బోర్డ్ అంచు కింద, సీటు కింద, డోర్ హ్యాండిల్ వెనక, కాళ్ళ దగ్గర ఒక్కోచోట ఆ ముక్కను టేపుతో నిలబెట్టి, డ్రైవర్ సీట్లో మామూలుగా కూర్చున్నట్టే కూర్చుని చూడండి. మూడు ప్రశ్నలకు జవాబు కావాలి. బల్బు నేరుగా కంటికి కనబడుతోందా? ముందు అద్దంలోగానీ పక్క అద్దాల్లోగానీ ప్రతిబింబం పడుతోందా? వెలుగు పడే చోట దాన్ని అందంగా పట్టుకునే ఉపరితలం ఉందా? మొదటి రెండింటిలో ఏ ఒక్కదానికి అవునని వచ్చినా ఆ చోటు వదిలేయండి. వెనక సీట్లో కూడా ఒకరిని కూర్చోబెట్టండి. డ్రైవర్‌కు కనపడని బల్బు వెనకున్నవాళ్ళ కళ్ళలో సూటిగా పడుతూ ఉండొచ్చు. నాకు ఆ సంగతి మా అమ్మాయి చెప్పింది.

మూడో ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. నల్లటి ప్లాస్టిక్ వెలుగును మింగేస్తుంది. లేత రంగు గుడ్డ, కార్పెట్ అయితే వెలుగును పట్టి పంచుతాయి, పైగా తమ రంగు కూడా కలుపుతాయి. మా కారు సీట్లు లేత గోధుమ రంగు. స్ట్రిప్‌లో తెల్లగా ఉన్న వెలుగు వాటి మీద పడితే పసుపు ఛాయ వస్తుంది. అందుకే రంగులను ఫోన్ స్క్రీన్ మీద చూసి ఎంచుకోకండి, కారులో వెలిగించి ఎంచుకోండి.

ఈ పనిలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది ఇంకొకటుంది. రాత్రి కారులో కావలసిన వెలుగు చాలా తక్కువ. చీకటికి అలవాటుపడ్డ కంటికి స్ట్రిప్ పూర్తి వెలుగులో ఐదు శాతం కూడా ఎక్కువే అనిపిస్తుంది. సరే, సాఫ్ట్‌వేర్‌లో ఐదు శాతానికి తగ్గిద్దాం అనుకున్నాను. అక్కడే చిక్కు వచ్చింది. ఈ ఎల్ఈడీల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు మెట్లుంటాయి. ఐదు శాతం అంటే 13 మెట్లే మిగులుతాయి. 255 ఎరుపు, 90 ఆకుపచ్చ కలిపి చేసిన కాషాయం ఆ స్థాయిలో 13 ఎరుపు, 4 లేదా 5 ఆకుపచ్చ అవుతుంది. 4కి, 5కి మధ్యే రంగు తేడా కంటికి కనబడుతుంది. నెమ్మదిగా రంగు మారాల్సింది కాస్తా మెట్లు దిగుతున్నట్టు టకటకా మారుతుంది. మన కన్ను కూడా చీకట్లో చిన్న తేడాలను బాగా పట్టేస్తుంది కాబట్టి ఆ కుదుపు ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది.

కాబట్టి వెలుగును అంకెలతో తగ్గించే ముందు అడ్డు పెట్టి తగ్గించండి. స్ట్రిప్‌ను మనవైపు కాకుండా వెనకున్న ప్యానెల్ వైపు తిప్పి, దాని మీద పడి తిరిగొచ్చిన వెలుగే కనబడేలా చేయండి. సన్నని గీతలా కావాలంటే పాలరంగు సిలికాన్ ట్యూబులో పెట్టండి. నేను డాష్‌బోర్డ్ కింద స్ట్రిప్‌ను వెనక్కి తిప్పి, ముందు ఒక నల్లటి ప్లాస్టిక్ పట్టీ అడ్డు పెట్టాను. ఇప్పుడు అదే వెలుగు కోసం బ్రైట్‌నెస్ ముప్పై శాతం దాకా పెట్టుకోగలుగుతున్నాను. అంటే 76 మెట్లు. రంగు మారడం మంచు కరిగినట్టు ఉంటుంది.

సామాన్ల సంగతికొద్దాం. స్ట్రిప్‌లలో రెండు రకాలు. ఒకదాంట్లో మొత్తం స్ట్రిప్ ఒకేసారి ఒకే రంగులో ఉంటుంది, రెండోదాంట్లో ప్రతి ఎల్ఈడీకి వేరే రంగు ఇవ్వొచ్చు. రెండోదే తీసుకోండి. నేను వాడింది డబ్ల్యూఎస్2812బీ, 5 వోల్టులది, మీటరుకు 60 ఎల్ఈడీలు. అసలైన వెచ్చని తెలుపు కూడా కావాలంటే, విడిగా తెల్ల చిప్ ఉన్న ఎస్‌కే6812 మంచిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి చేసే తెలుపు ఎప్పుడూ కాస్త పాలిపోయినట్టే ఉంటుంది. "కారులో ఉన్నది 12 వోల్టులే కదా, 12 వోల్టుల స్ట్రిప్ నేరుగా తగిలిస్తే పోలా?" అని మా బావమరిది అడిగాడు. ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడ ఉండేది 12 కాదు, 13.8 నుంచి 14.4 దాకా ఉంటుంది. మధ్యమధ్యలో అంతకంటే పెద్ద కుదుపులూ వస్తాయి. నేరుగా తగిలిస్తే చిప్‌లు వేడెక్కి ఒక్కొక్కటిగా పోతాయి. మధ్యలో 5 వోల్టులకు దించే బక్ కన్వర్టర్ పెట్టాల్సిందే, అదీ కార్ల కోసం తయారైనది, ఇన్‌పుట్‌లో వచ్చే కుదుపులను తట్టుకునేది.

లెక్క ఇలా వేసుకోండి. నాకు డాష్‌బోర్డ్ కింద 66, రెండు ముందు డోర్లలో 36 చొప్పున 72, కాళ్ళ దగ్గర రెండువైపులా కలిపి 24, మొత్తం 162 ఎల్ఈడీలు. ఒక్కోటి పూర్తి తెలుపులో గరిష్ఠంగా 60 మిల్లీఆంపియర్లు తాగుతుందనుకుంటే 9.7 ఆంపియర్లు. అంత అవసరం ఏ రాత్రీ రాదు. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లోనే 2 ఆంపియర్ల పరిమితి పెట్టేశాను. 5 ఆంపియర్ల కన్వర్టర్ వాడాను కాబట్టి అది చల్లగా పనిచేస్తుంది. 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లంటే 10 వాట్లు, బ్యాటరీ వైపు చూస్తే సుమారు ఒక ఆంపియర్. 3 ఆంపియర్ల ఫ్యూజ్ చాలు.

కంట్రోలర్‌గా ఈఎస్‌పీ32 బోర్డు (వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ లాంటిది), దాని మీద ఉచితంగా దొరికే డబ్ల్యూఎల్ఈడీ సాఫ్ట్‌వేర్. కోడ్ రాయనక్కర్లేదు, ఫోన్‌లోనే రంగులు, ముందే దాచుకునే అమరికలైన ప్రీసెట్‌లు పెట్టుకోవచ్చు. ఒక్క విషయం చూసుకోండి. ఏ ఎల్ఈడీ ఏ రంగులో వెలగాలో చెప్పడానికి బోర్డు ఇచ్చే డేటా సిగ్నల్ 3.3 వోల్టులు, 5 వోల్టుల స్ట్రిప్ కనీసం 3.5 ఆశిస్తుంది. టేబుల్ మీద ఎలాగోలా పనిచేసి, కారులో పొడవాటి వైరు పెట్టగానే పిచ్చిపిచ్చిగా మెరవడం మొదలుపెడుతుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 చిప్ పెట్టి సిగ్నల్‌ను 5 వోల్టులకు పెంచండి. డేటా వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్, స్ట్రిప్ మొదట్లో పవర్‌ ప్లస్, మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్. డేటా వైరును గ్రౌండ్ (నెగటివ్) వైరుతో మెలివేసి లాగండి. స్ట్రిప్ మీద బాణం గుర్తు ఉంటుంది, డేటా ఆ దిక్కులోనే వెళ్తుంది. ఒకసారి తిరగేసి సోల్డర్ చేసి గంటసేపు బోర్డు పాడైందనుకుని తల పట్టుకున్నాను.

ఇప్పుడు ప్యానెళ్ళు. బ్యాటరీ నెగటివ్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్‌ల వైర్లు, కనెక్టర్లు మామూలుగా పసుపు రంగులో ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దు, వాటికి మన వైరు కట్టొద్దు. ముందు అద్దం పక్క స్తంభాల్లో, పైకప్పు అంచుల్లో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే అక్కడ స్ట్రిప్ పెట్టే ఆలోచనే మానుకోండి. అది విచ్చుకునేటప్పుడు దారిలో ఉన్న ప్రతిదాన్నీ మన మీదికి విసురుతుంది. డ్రైవర్ కాళ్ళ దగ్గర ఏ వైరూ వేలాడకూడదు. పెడల్‌కు చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అక్కడ ప్రతి పది సెంటీమీటర్లకూ ఒక కేబుల్ టై వేసి బిగించాను.

పవర్ ఎక్కడి నుంచి తీసుకోవాలనేది ముఖ్యం. కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ గడిని మల్టీమీటర్‌తో వెతికి, అందులో ఫ్యూజ్ ట్యాప్ (అదే గడి నుంచి ఇంకో వైరు తీసుకునే అడాప్టర్) పెట్టండి. ఎయిర్‌బ్యాగ్, బ్రేకులు, ఇంజన్ కంప్యూటర్ ఫ్యూజ్‌ల జోలికి వెళ్ళొద్దు. సిగరెట్ లైటర్ సాకెట్‌ది మంచి ఎంపిక, కానీ కొన్ని కార్లలో దానికి ఎప్పుడూ కరెంటు ఉంటుంది, కీ తీసి కొలిచి చూసుకోండి. లైట్లు ఆర్పేశాం కదా, ఎప్పుడూ పవర్ ఉన్నా ఏమవుతుందిలే అనుకోకండి. నల్లగా కనబడుతున్నా ఒక్కో ఎల్ఈడీ లోపలి చిప్ సుమారు ఒక మిల్లీఆంపియర్ తాగుతూనే ఉంటుంది. నా 162కి, వైఫైతో మెలకువగా ఉండే బోర్డుకు కలిపి లెక్కేస్తే బ్యాటరీ నుంచి రోజుకు 3 ఆంపియర్ అవర్లు పోతాయి. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉన్న కారును వారం పది రోజులు నిలిపి ఊరెళ్తే, వచ్చాక స్టార్టర్ మూలుగుతుంది. గ్రౌండ్‌ను పెయింట్ లేని లోహం మీద, బాడీకి ఉన్న బోల్టు కింద రింగ్ టెర్మినల్‌తో బిగించండి.

పొడవు ఎక్కువైతే చివర ఎల్ఈడీలు ఎర్రబడతాయి. వోల్టేజ్ తగ్గేకొద్దీ ముందు నీరసించేది నీలం, దానికి ఎరుపుకంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. రెండో చివర కూడా పవర్ ఇస్తే సరిపోతుంది. డోర్ల వైపు వైర్లను డోరుకు, బాడీకి మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచే లాగాలి. సన్నని పోగులున్న మెత్తటి సిలికాన్ వైరు వాడకపోతే డోరు తెరిచి మూసి కొన్నాళ్ళకు లోపలే తెగుతుంది. నిజం చెప్పాలంటే ఆ పనికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది, వేళ్ళు గీసుకుపోయాయి. మొదటిసారి చేసేవాళ్ళు డోర్లు వదిలేసి డాష్‌బోర్డ్, కాళ్ళ దగ్గర మాత్రం చేసుకోండి.

అంటించడం. ఎండలో నిలిపిన కారు లోపల డాష్‌బోర్డ్ 70 డిగ్రీలు దాటుతుంది. స్ట్రిప్ వెనక వచ్చే జిగురు అక్కడ నిలవదు, హాట్ గ్లూ కూడా మెత్తబడి జారిపోతుంది. నా రెండో ప్రయత్నం అలాగే కాళ్ళ మీద పడింది. సన్నని అల్యూమినియం ఛానెల్‌ను క్లిప్పులతోనో స్క్రూలతోనో బిగించి అందులో స్ట్రిప్ పెట్టండి. వేడి కూడా దాని ద్వారా పోతుంది. జిగురు తప్పదంటే ప్లాస్టిక్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక అంటించండి. డాష్‌బోర్డ్ పాలిష్ పూసిన చోట ఏదీ అంటదు.

అన్నీ పెట్టాక ఎఫ్ఎం రేడియోలో బుస్సుమని శబ్దం వచ్చింది. కన్వర్టర్ చేసే గోల అది. దాన్ని యాంటెన్నా కేబుల్‌కు దూరంగా జరిపి, దాని వైర్లకు ఫెర్రైట్ బిళ్ళలు తగిలిస్తే పోయింది.

ఇక రంగులు. డ్రైవింగ్‌లో నేను రెండే వాడతాను, కాషాయం, ముదురు ఎరుపు. చీకట్లో చూసే కంటికి ఎరుపు తక్కువ ఇబ్బంది పెడుతుంది, నీలం ఎక్కువ. నీలం, ఆకుపచ్చ, ఊదా ఆగి ఉన్నప్పుడు మాత్రమే. ఒకే అంకె ఇచ్చినా ఆకుపచ్చ కంటికి ఎక్కువ ప్రకాశంగా కనబడుతుంది, అందుకే దాన్ని కంటితో చూసి తగ్గించండి. ఒక రంగు నుంచి మరో రంగుకు మారడానికి కనీసం ఇరవై సెకన్లు ఇవ్వండి. పాటకు తగ్గట్టు ఎగిరే ఎఫెక్టులు, పరుగెత్తే చుక్కలు నడిచే కారులో వద్దు. మెరిసే ఎరుపు, నీలం బయటికి కనబడితే పోలీసు బండి అనుకునే ప్రమాదం ఉంది. చాలాచోట్ల అది నేరం కూడా. మీ దగ్గర ఏ నిబంధనలున్నాయో ముందే కనుక్కోండి.

హెడ్‌లైట్ వేయగానే రాత్రి ప్రీసెట్ దానంతటదే రావాలంటే పార్కింగ్ లైటు వైరు నుంచి 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా రెండు సర్క్యూట్లను నేరుగా కలపకుండా సిగ్నల్ మాత్రం దాటించే పీసీ817 ఆప్టోకప్లర్‌కు ఇచ్చి, దాని రెండోవైపును బోర్డులోని ఒక పిన్‌కు, గ్రౌండ్‌కు కలపండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ పిన్‌ను స్విచ్‌గా పెట్టి రెండు ప్రీసెట్‌లు జతచేస్తే చాలు. డ్రైవింగ్‌లో ఫోన్ పట్టుకోవాల్సిన పని ఉండదు. స్టార్ట్ చేసేటప్పుడు కరెంటు ఒక్క క్షణం పోయి బోర్డు మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు ఏ ప్రీసెట్ రావాలో కూడా పెట్టుకోండి. లేకపోతే ప్రతిసారీ ఫ్యాక్టరీ కాషాయం భగ్గుమంటుంది.

చివరగా, ఏ ఫ్యూజ్ గడి నుంచి తీశారో, కన్వర్టర్ ఎక్కడ దాచారో, ఏ రంగు వైరు దేనిదో ఒక కాగితం మీద గీసి గ్లవ్ బాక్సులో పెట్టండి. నా కారు సర్వీసుకు వెళ్ళినప్పుడు మెకానిక్ ముందుగా తీసి చూసింది ఆ కాగితాన్నే.