మంచు మీద తొలి అడుగుకు ముందు జాగ్రత్తలు

పిల్లల్ని స్కేటింగ్ కోసం ఐస్ రింక్‌లోకి (మంచు పరిచిన స్కేటింగ్ మైదానంలోకి) దింపేముందు తోడుండేవాళ్లు చూసుకోవాల్సినవి ఇవి. సగం భయం బూట్ల దగ్గరే మొదలవుతుంది, అక్కడ తొందరపడొద్దు.

- సాక్స్ ఒక్క జతే, పల్చటివి, చీలమండ దాటి పైకి వచ్చేవి. రెండు జతలు తొడిగితే పాదం బూటులోనే జారుతుంది.
- మడమను బూటు వెనక్కి ఆనించాకే లేసులు బిగించాలి: వేళ్ల దగ్గర కాస్త వదులుగా, చీలమండ దగ్గర గట్టిగా. మోకాళ్లు వంచితే మడమ లేస్తోందా? విప్పి మళ్లీ కట్టండి. కాళ్లు లోపలికి ఒరిగిపోతుంటే ‘వీడికి బ్యాలెన్స్ లేదు’ అనేస్తారు గానీ, చాలాసార్లు తప్పు లేసుదే. మిగిలిన చివర్లు లోపలికి దోపండి.
- హెల్మెట్, గ్లవ్స్ ఉండాల్సిందే. చున్నీ, మఫ్లర్ వేలాడకూడదు.
- పడటం, లేవటం ముందు బయట రబ్బరు మ్యాట్ మీద నేర్పండి. పడబోతే మోకాళ్లు వంచి పక్కకి ఒరగాలి. పడగానే వేళ్లు పిడికిలి ముడవాలి, వెనక వచ్చేవాళ్ల బూటు కింది బ్లేడు వాటి మీదుగా పోవచ్చు. లేచేటప్పుడు ముందు మోకాళ్ల మీదికి రావాలి, తర్వాత ఒక్కో పాదం.
- పడిపోకుండా పట్టుకుని మంచు మీద నెట్టుకెళ్లే పెంగ్విన్ బొమ్మ మొదటి 10 నిమిషాలకు మంచిదే. ఎక్కువైతే దానిమీదికి వంగిపోవడం అలవాటై, వదలగానే తూలతారు.
- చెయ్యి పట్టుకుని లాగొద్దు. పక్కన నడుస్తూ ముంజేయి చాపండి, పట్టుకోవాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు.
- శబ్దం పడనివాళ్లుంటే పాటల సౌండ్ తగ్గించమని రింక్ వాళ్లని ముందే అడగండి.
- ‘ఇక చాలు’ అనడానికి ఒక సైగ అనుకోండి. అది చూపిస్తే బతిమాలకుండా బయటికి తీసుకురండి.
- యంత్రం మంచును చదును చేసి వెళ్లగానే పైన తడి ఉంటుంది. గట్టిపడేదాకా ఆగండి.