జూన్‌లో కొచ్చి పోతా ఉన్నారా, ఇవి చూసుకోండి

మన తిరుపతోళ్లకి వానలంటే అక్టోబరు, నవంబరే. అందుకే జూన్ ఎండ తట్టుకోలేక, చల్లగా ఉంటదని చాలామంది శబరికో కేరళ ఎక్స్‌ప్రెస్‌కో టికెట్ వేసేస్తారు, అక్కడ చూస్తే నైరుతి అప్పటికే దంచుతా ఉంటది. వద్దనట్లేదు, వానలో కొచ్చి పాత ఊరు ఫోర్ట్ కొచ్చి చానా బాగుంటది, రెడీ అయ్యి పోండి అంతే.

ముందు చెప్పులు. ఫోర్ట్ కొచ్చి పక్కనుండే మట్టంచేరి సందుల్లో గట్టి వాన పడితే నీళ్లు నిలిచిపోతాయి, కింద గుంటుందో కాలవుందో కనపడదు. షూస్ రెండోరోజుకే కంపు, వెనక బెల్టుండే రబ్బరు శాండిల్స్ నయం. కాలికి పుండో గీతో ఉంటే మాత్రం ఆ నీళ్లలో దిగొద్దు. వానల్లో కేరళలో ఎలుక జ్వరం కామన్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు గాయంలోంచి ఒంట్లోకి పోయి వస్తది. ఊరికొచ్చిన రెండుమూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు వస్తే డాక్టరుకి ఫలానా చోట వాన నీళ్లలో నడిచామని మీరే చెప్పండి, ఆయనకి తెలిసే దారి లేదు కదా.

ఫోర్ట్ కొచ్చి ఒడ్డున దుంగలకి కట్టిన పెద్ద చేపల వలలుంటాయి, చైనా వలలంటారు, వాటి దగ్గర దుంగలు తడికి జారతాయి, వల లేపేదానికి బరువుగా ఇంతింత రాళ్లు తాళ్లకి వేలాడతా ఉంటాయి, ఆ రాళ్ల కింద నిలబడి సెల్ఫీలేంది సామీ! వల లాగేవాళ్లు రండి మీరూ లాగండి అని పిలుస్తారు, సరదాగానే ఉంటది, ఎంతియ్యాలో ముందే అడగండి. సముద్రంలో స్నానం మాటే వద్దు. గాలి లేస్తే అక్కడుండే పెద్ద పెద్ద చెట్ల కింద కూడా నిలబడొద్దు, కొమ్మలు విరుగుతాయి.

శుక్రవారం మట్టంచేరి ప్యాలెస్ మూత, 1568 నాటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం అయితే శుక్ర, శని రెండు రోజులూ మూతే, వీకెండని లెక్కేసుకుని పోతే గోడలు చూసి రావాల్సిందే. ప్యాలెస్‌లో రామాయణం బొమ్మలు గోడల నిండా ఉన్నాయి, దానికి టైమ్ పెట్టుకోండి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో వాస్కోడగామా సమాధి రాయి ఉంది, 1524లో ఇక్కడే పోయాడు, తర్వాత ఆయన అవశేషాల్ని పోర్చుగల్‌కి తీసుకుపోయారు, పది నిమిషాలు చాలు.

ఫ్రీగా తిప్పుతా అనే ఆటో మసాలా షాపుల ముందే ఆగుతది, ఆయనకి కమిషన్.

రిటర్న్ రోజు ఫోర్ట్ కొచ్చి నుంచి ఎర్నాకులంలో రైలు ఎక్కేదానికి పడవని నమ్ముకోవద్దు, వాతావరణం బాలేకపోతే ఆపేసే ఛాన్సుంది. తోప్పుంపడి మీదగా రోడ్డున రండి, ట్రాఫిక్‌కి గంట పైనే వేసుకోండి, స్టేషన్ ఎర్నాకులం టౌనా జంక్షనా అనేది టికెట్ మీద చూసుకుని మరీ బయల్దేరండి.