అమ్మే సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్ కోడ్

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోని అడ్తి వ్యాపారులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముతాను. మీరూ అమ్మే ప్రోగ్రామ్‌లోకి ఓపెన్ సోర్స్ కోడ్, అంటే ఇతరులు రాసి అందరికీ తెరిచిపెట్టిన కోడ్, తీసుకునే ముందు దాని షరతులు చెప్పే లైసెన్స్ ఫైలు చదవండి. అది లేకపోతే ఆ కోడ్ జోలికే వెళ్లకండి. ప్రోగ్రామర్లు కోడ్ పెట్టే గిట్‌హబ్ సైట్‌లో కనిపించినంత మాత్రాన వాడుకునే హక్కు రాదు.

ఎంఐటీ అనే లైసెన్స్ అయితే నిశ్చింత. కాపీరైట్ ప్రకటన, లైసెన్స్ పాఠం వెంట ఉంచితే చాలు. నా ప్రోగ్రామ్‌లో వాటికో పేజీ ఉంది. మిర్చి బస్తాల లెక్క రాసే గుమస్తా దాన్ని ఎన్నడూ తెరవడు, అయినా ఉండాల్సిందే.

జీపీఎల్ అనే లైసెన్స్ దగ్గర ఆగండి. అమ్ముకోవడానికి అది అడ్డు చెప్పదు. కానీ ఆ కోడ్‌ను కలిపి చేసిన ప్రోగ్రామ్‌ను కొన్నవారికి మీ సోర్సు (మీరు రాసిన అసలు కోడ్) కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. సొంత సర్వర్‌లోనే నడిపితే ఆ బాధ్యత లేదు. జీపీఎల్ లాంటిదే అయిన ఏజీపీఎల్ లైసెన్స్ కోడ్‌ను మార్చి, ఇతరులు నెట్‌లో వాడేలా నడిపితే మాత్రం అక్కడా వాళ్లకు సోర్సు ఇవ్వక తప్పదు.