విదేశీ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ మన దేశంలకు ఎట్లొస్తదో చూసుడు ఎట్ల

తమ్మీ, ముందుగాల వరంగల్ ఎనుమాముల మార్కెట్ల అడ్తిదారును యాది చేస్కో, మిర్చి ఆయనది కాదు, కొనేటోడు కూడా ఆయన కాదు, ఇద్దరిని కలిపి కమీషన్ తీస్కుంటడు. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ అసలు పని గిదే, బస్తాల జాగల షేర్లు, బాండ్లు (అప్పు పత్రాలు), కంపెనీల కొనుడు అమ్ముడు ఉంటయ్, అంతే.

కొత్త దేశంలకు ఎట్ల అడుగు పెడ్తదో తెల్వాల్నంటే అమెరికా ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ గోల్డ్‌మన్ శాక్స్‌ను చూడు. 1990లల్ల మన దేశపు ఫైనాన్స్ కంపెనీ కోటక్‌తోని కలిసి వచ్చింది, 2001ల వాళ్ల ఎకనమిస్ట్ జిమ్ ఓనీల్ జోరుగ పెరిగే బ్రెజిల్, రష్యా, ఇండియా, చైనాలకు కలిపి బ్రిక్ అని పేరు పెట్టిండు, 2004ల బెంగళూరు ఆఫీస్, 2006ల కోటక్‌తోని విడిపోయి సొంతంగ, 2021ల హైదరాబాద్‌ల ఆఫీస్. ముందు తోడు, తర్వాత సొంత దుకాణం అన్నట్టు.

ఇగ నువ్వే చెక్ చెయ్, షేర్ మార్కెట్‌ను చూస్కునే సెబీ సైట్ల ఏదన్న పెద్ద ఐపీఓ (కంపెనీ షేర్లు మొదటిసారి జనాలకు అమ్ముడు) డ్రాఫ్ట్ ప్రాస్పెక్టస్, అంటే ఆ అమ్మకం వివరాల ముసాయిదా, తెరువు, ముందు పేజీలల్లనే లీడ్ మేనేజర్ల (ఆ అమ్మకం నడిపే బ్యాంకుల) పేర్లు ఉంటయ్, విదేశీ బ్యాంక్ పేరుల ఇండియా అని కలిసి ఉంటే అది ఇక్కడి కంపెనీగ రిజిస్టర్ అయినట్టు. దాంతోపాటు ఫ్రెష్ ఇష్యూ (కంపెనీ కొత్తగ ఇచ్చే షేర్లు) ఎంత, ఆఫర్ ఫర్ సేల్ ఎంతనో తప్పకుండ చూడు, నాకైతే ఇదే అన్నిట్ల ముఖ్యం, ఎందుకంటే రెండో దాంట్ల పైసలు కంపెనీకి రావు, అమ్ముకునే పాత వాటాదార్లకే పోతయ్.