రూంబాకు ఈఎస్‌పీ32 జోడించేటప్పుడు

రూంబా 500, 600 సిరీస్ రోబో వ్యాక్యూమ్‌లకు పైమూత కింద 7 పిన్నుల గుండ్రటి సీరియల్ పోర్టు ఉంటుంది కాబట్టి, లోపలి బోర్డు జోలికి పోకుండానే ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై కంట్రోలర్ బోర్డుతో వాటికి ఆదేశాలు పంపవచ్చు. అయితే మొదటి రెండు పిన్నుల్లో బ్యాటరీ వోల్టేజే నేరుగా వస్తుంది, 14.4 వోల్టులని రాసి ఉన్నా నిండా చార్జ్ అయినప్పుడు అంతకు మించే ఉంటుంది గనుక, 20 వోల్టులకు పైగా తట్టుకునే బక్ కన్వర్టర్‌ను (వోల్టేజీ తగ్గించే మాడ్యూలును) ముందుగా 5 వోల్టులకు సెట్ చేసి, మల్టీమీటరుతో కొలిచిన తరువాతే ఈఎస్‌పీ32 బోర్డుకు కలపాలి. రూంబా పంపే సిగ్నల్ 5 వోల్టులది, ఈఎస్‌పీ32 భరించేది 3.3 వోల్టులే, అందువల్ల నాలుగో పిన్ను తీగ మీద వరుసగా 10 కిలో ఓమ్‌లు, దాని ఈఎస్‌పీ32 వైపు కొస నుంచి గ్రౌండ్‌కు 20 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టాలి. సీరియల్ సమాచార వేగం 115200 బాడ్. ఆదేశాలు అంకెల రూపంలో ఉంటాయి: ముందు 128, ఆపై 135 పంపితే ఊడ్వడం మొదలవుతుంది; 143 పంపితే చార్జింగ్ డాక్‌కు చేరుతుంది.

చాలామంది పట్టించుకోనిది మోడ్ సంగతి. యంత్రాన్ని పూర్తిగా మన ఆదేశాలకే అప్పగించే ఫుల్ మోడ్‌లో వదిలేస్తే యంత్రం నిద్రపోదు, చార్జింగూ ఆగిపోతుంది, బ్యాటరీ అడుగంటుతుంది. ఊడ్పించడానికి, 128 పంపగానే వచ్చే పాసివ్ మోడే చాలు; అందులో 5 నిమిషాలు కదలకుంటే నిద్రపోతుంది గానీ, ఆ గడువు ముగియకముందే ఐదో పిన్నును క్షణకాలం గ్రౌండ్‌కు తాకిస్తూ ఉంటే మేలుకునే ఉంటుంది.