ఎనిమిది సెకన్ల లెక్క: బాస్కెట్‌బాల్‌లో కొత్తగా విజిల్ పట్టేవారికి

హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల నేను రిఫరీగా దిగే స్కూల్ టోర్నమెంట్లలో చాలాచోట్ల షాట్ క్లాక్, అంటే జట్టు షాట్ వేయడానికి మిగిలిన సెకన్లు చూపే గడియారం, ఉండదు. టేబుల్ మీద ఒక స్టాప్‌వాచ్, ఒక స్కోర్ షీట్, అంతే. కాబట్టి బ్యాక్‌కోర్టు నుంచి, అంటే తాము కాపాడుకునే బాస్కెట్ ఉన్న సగం నుంచి, బంతిని బయటికి తేవడానికి జట్టుకు ఇచ్చే ఎనిమిది సెకన్లు పూర్తిగా రిఫరీ చేతి లెక్క మీదే నడుస్తాయి. ఆ లెక్క ఒక్క సెకను సాగినా నష్టపోయేది ప్రెస్ వేసి (బంతి ఉన్నవాళ్లను వాళ్ల సగంలోనే కమ్ముకుని), ఊపిరాడకుండా పరుగెత్తి, ఎదుటివాళ్లను గీత దాటనివ్వని పిల్లలు. వాళ్ల కష్టానికి దక్కాల్సిన బంతి వాళ్లకు దక్కాలి. అందుకే దీని గురించి ఇంత వివరంగా రాస్తున్నాను.

పాత ఆటగాళ్లు కొందరు ఇప్పటికీ 'టెన్ సెకండ్స్ సార్' అని అరుస్తుంటారు. ఒకప్పుడు పదే. 2000లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దాన్ని ఎనిమిదికి తగ్గించింది, షాట్ క్లాక్‌ను కూడా 30 నుంచి 24కు దించింది. ఇప్పుడు ఎనిమిదే.

ముందు గీత సంగతి. మ్యాచ్‌కు అరగంట ముందే వెళ్లి సెంటర్ లైన్ చూడండి. సిమెంటు కోర్టుల మీద రెండు వానాకాలాలు పోతే రంగు లేచిపోతుంది, మధ్యలో ఒక జానెడు మేర గీతే కనిపించదు. అక్కడ సున్నంతోనైనా గీయించండి. గీత ఎవరిది అనే విషయంలో కూడా గందరగోళం వద్దు: సెంటర్ లైన్ బ్యాక్‌కోర్టులో భాగం. గీత తొక్కిన కాలు ఇంకా వెనకనే ఉన్నట్టు.

లెక్క ఎప్పుడు మొదలుపెట్టాలి? రీబౌండో, లాక్కున్న బంతో అయితే బ్యాక్‌కోర్టులో ఆటగాడు దాన్ని అదుపులోకి తీసుకున్న క్షణం నుంచి. చేతులకు తగిలి అటూ ఇటూ దొర్లుతున్నంత సేపు లెక్క లేదు. త్రో-ఇన్, అంటే గీత బయటి నుంచి బంతిని లోపలికి వేయడం, అయితే వేరే. బయటి నుంచి వేసిన బంతి బ్యాక్‌కోర్టులో ఎవరికి తగిలినా, విసిరిన జట్టు అదుపు పోనంత వరకు ఆ తాకిడి నుంచే ఎనిమిది మొదలు. గీత బయట బంతి పట్టుకుని నిలబడే ఐదు సెకన్లు దీనితో కలవవు. కొత్తవాళ్లు ఐదు లెక్కిస్తూ, అదే చేతితో ఆగకుండా ఎనిమిదిలోకి జారిపోతారు. చేయి దించి, బంతి తగిలాక మళ్లీ మొదటి నుంచి ఎత్తండి.

చేయి అన్నాను కదా, ఇందులో అసలు పనితనం అదే. ఇద్దరు రిఫరీల పద్ధతిలో ఈ లెక్క ట్రయల్‌ది, అంటే బంతి వెనక వచ్చే రిఫరీది. లీడ్ ముందుకెళ్లి ఎండ్ లైన్ దగ్గర నిలబడతాడు, అతను దీంట్లో వేలు పెట్టొద్దు. ట్రయల్ తన చేతిని అందరికీ కనిపించేలా సెకనుకో ఊపు ఊపాలి. బంతి తగలగానే 'ఒకటి' అనకూడదు. ఒక సెకను గడిచాకే మొదటి ఊపు. తగలగానే ఒకటి అంటే మీ ఎనిమిది అసలుకు ఏడే అవుతుంది. ప్రెస్‌లో అరుపులు పెరిగే కొద్దీ చేయి దానంతటదే వేగం పుంజుకుంటుంది, అది మనిషి స్వభావం. మనసులో 'వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు' అనుకుంటూ ఊపితే వేగం నిలబడుతుంది. ఇంట్లో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, కళ్లు మూసుకుని ఎనిమిది ఊపి ఆపి చూడండి. తర్వాత గ్రౌండ్ చుట్టూ పరుగెత్తుతూ అదే చేయండి. పరుగులో తేడా ఎంత వస్తుందో అప్పుడే తెలుస్తుంది.

ఇక గొడవలన్నీ పుట్టేది 'దాటింది' అనే మాట దగ్గర. డ్రిబుల్ చేస్తూ వచ్చే ఆటగాడి విషయంలో మూడు చూడాలి: రెండు పాదాలు, బంతి. మూడూ ఫ్రంట్‌కోర్టు (ఎదుటి జట్టు బాస్కెట్ ఉన్న సగం) నేలను తాకితేనే దాటినట్టు. బంతి నడిపించే పాయింట్ గార్డ్ గీత మీదికి వచ్చింది, ఎదురుగా ఇద్దరు కమ్ముకున్నారు. ఆగిపోయింది. రెండు కాళ్లూ అవతలే ఉన్నాయి, కానీ ఒళ్లు వెనక్కి తిప్పి డిఫెండర్‌కు అందకుండా బంతిని గీత ఇవతల కొడుతోంది. బెంచీ మీద నుంచి 'గీత దాటినం గదా సార్!' అని కేక. దాటలేదు. బంతి ఇంకా బ్యాక్‌కోర్టు నేలనే తాకుతోంది. మీ చేయి ఊగుతూనే ఉండాలి. అందుకే ట్రయల్ బంతికి రెండడుగులు వెనకగా, గీతను వాలుగా చూసే చోట నిలవాలి. ఆటగాడి వీపు చాటున పడితే పాదాలు కనిపించవు, ఊహించి చెప్పాల్సి వస్తుంది. ఊహించి విజిల్ వేయొద్దు.

పాస్ అయితే ఇంకా సూక్ష్మం. ఏడు అయ్యాక బ్యాక్‌కోర్టు నుంచి పొడుగు పాస్ విసిరారు. బంతి గాలిలో గీత దాటేసింది, ఇంకా ఎవరికీ అందలేదు, ఎనిమిది పూర్తయింది. వయొలేషనే, అంటే నియమం తప్పినట్టే, బంతి అవతలి జట్టుకు. గాలిలో ఉన్న బంతి చివరగా ఎక్కడ తగిలిందో అక్కడిదే. అది ఫ్రంట్‌కోర్టు నేలను గానీ, రెండు పాదాలూ పూర్తిగా అక్కడున్న సొంత ఆటగాడిని గానీ, ఒక్క కాలు అక్కడ ఉన్న డిఫెండర్‌ను గానీ, అక్కడ నిలబడ్డ రిఫరీని గానీ తాకితేనే చేరినట్టు. సొంత ఆటగాడికి రెండు పాదాలు కావాలి, డిఫెండర్‌కు ఒకటి చాలు. ఈ తేడా బాగా గుర్తుంచుకోండి.

ఆట మధ్యలో ఆగితే లెక్క కొత్తదా పాతదా? బ్యాక్‌కోర్టులో ఉండగా డిఫెండర్ ఫౌల్ చేసినా, కావాలని బంతిని కాలితో తన్నినా కొత్త ఎనిమిది. డిఫెండర్ చేతికి తగిలి బంతి బయటికి పోతే మాత్రం కొత్తది రాదు, మిగిలినవే. సొంత ఆటగాడికి దెబ్బ తగిలి ఆట ఆగినా, డబుల్ ఫౌల్ (ఇద్దరు ప్రత్యర్థులు ఒకరిపై ఒకరు ఫౌల్ చేయడం) అయినా, రెండు జట్ల వాళ్లూ ఒకేసారి బంతి పట్టుకుని, బంతి ఎవరి వంతో చూపే టేబుల్ మీది బాణం అదే జట్టు వైపు ఉన్నా మిగిలినవే. కాబట్టి విజిల్ ఊదగానే మీ చేయి ఏ అంకె దగ్గర ఆగిందో పైకి చెప్పేయండి: 'ఐదు అయినయ్.' త్రో-ఇన్‌కు బంతి ఇచ్చేముందు మూడు వేళ్లు చూపి రెండు జట్లకూ వినబడేలా 'మూడే ఉన్నయ్' అనండి. సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

షాట్ క్లాక్ ఉన్న కోర్టులో పని సులువే. త్రో-ఇన్ తర్వాత రెండూ కలిసే మొదలవుతాయి కనుక బోర్డు మీద 19 ఉంటే ఐదు గడిచినట్టు. ఒక్క చోట మాత్రం బోర్డును నమ్మొద్దు. ఫ్రంట్‌కోర్టులో ఆడుతుండగా డిఫెండర్ బంతిని వెనక్కి తోసేశాడు, అదే జట్టు బ్యాక్‌కోర్టులో దాన్ని మళ్లీ పట్టుకుంది. 24 ఆగకుండా పోతుంటుంది, ఎనిమిది మాత్రం కొత్తగా మొదలవుతుంది. అక్కడ మళ్లీ చేతి లెక్కే.

వయొలేషన్ అయితే విజిల్‌తో పాటు అరచేయి తెరిచి పైకెత్తండి, పిడికిలి బిగిస్తే టేబుల్ వాళ్లు ఫౌల్ అనుకుంటారు. తర్వాత ఎనిమిది వేళ్లు, ఆపైన బంతి ఎటు పోతుందో ఆ దిక్కు. ఈ మూడూ తొందరపడకుండా, వరుసగా. కోచ్ లేచి వస్తే 'నా చేయి చూశారా సార్, ఎనిమిది ఊపులు' అని ఒక్కమాట చెప్పి, బంతిని త్రో-ఇన్ చోటుకు పట్టుకెళ్లండి.